సెప్టెంబరు ఎక్కడికి పోయింది?

ఒకే పాటను నేను రెండు పేర్లతో ఎరుగుదును. ముందు తెలిసినది దాని రెండో పేరు. 1980ల నడుమ బెంగుళూరులో, పాత పుస్తకాలతో పాటు పాత రికార్డులు కూడా అమ్మే ఒక చిన్న కొట్టులో, అట్ట నలిగిన ఎల్‌పీ ఒకటి దొరికింది. బృందం పేరు మూడే అక్షరాలు, పి.ఎఫ్.ఎం. పాటల పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పాడినవాళ్ళ నోరు మాత్రం ఇంగ్లీషువాళ్ళ నోరు కాదని రెండు చరణాలకే తెలిసిపోయింది. అందులో 'ద వరల్డ్ బికేమ్ ద వరల్డ్' అనే పాట బాణీ నన్ను వదిలిపెట్టలేదు. ఏళ్ళ తరబడి కూనిరాగం తీశాను. మాటలు మాత్రం ఒక్కటీ గుర్తుండేవి కావు. నా జ్ఞాపకశక్తి లోపమనే అనుకున్నాను.

పదేళ్ళు దాటాక ఒక మిత్రుడిచ్చిన క్యాసెట్టులో అదే బాణీ మళ్ళీ వినపడింది. అప్పుడది ఇటాలియన్ భాషలో ఉంది. పేరు 'ఇంప్రెస్సియోని ది సెత్తెంబ్రె', అంటే సెప్టెంబరు తలపులు. భాష ఒక్క ముక్క రాని నాకు రెండోసారి వినేసరికి మాటలు నోటికి రావడం మొదలుపెట్టాయి. ఇదేమి చిత్రమని అప్పుడు అనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడా సంగతి ఎత్తుకోవడానికి కారణం మా చెల్లెలి కొడుకు. నలుగురు కుర్రాళ్ళు కలిసి గిటార్లూ డ్రమ్ములూ పెట్టుకుని పాటలు కడుతున్నారు. నలుగురిలో ఇద్దరివి తెలుగు ఇళ్ళు, ఇద్దరివి కన్నడ ఇళ్ళు. పాటలు మాత్రం ఇంగ్లీషు. "ఒక్కటైనా తెలుగులో కట్టకూడదట్రా?" అన్నాను. "ఈ ఊళ్ళో ఎవరు వింటారు మామయ్యా?" అన్నాడు. వాడి మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేక ఈ రికార్డు తీసి పెట్టాను.

రికార్డు పేరు 'స్తోరియా ది ఉన్ మినూతో', ఒక నిమిషం కథ. 1972 జనవరిలో వచ్చింది. బృందం పూర్తి పేరు ప్రెమియాతా ఫొర్నెరియా మార్కోనీ. తెలుగులో చెప్పుకుంటే 'బహుమతి పొందిన మార్కోనీ రొట్టెల బట్టీ' అవుతుంది. ఉత్తర ఇటలీలో బ్రెషా దగ్గర కియారి అనే ఊళ్ళో ఉన్న రొట్టెల దుకాణం పేరు అందులో కలిసింది. మన పక్క ఎవరైనా కుర్రాళ్ళు తమ బృందానికి పచ్చళ్ళ దుకాణం పేరు పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. ఆ పేరులోనే కొంత చిలిపితనమూ, ఇంటి వాసనా ఉన్నాయి.

ఈ కుర్రాళ్ళు కొత్తవాళ్ళు కారు. గిటార్ వాయించే ఫ్రాంకో ముస్సీదా, కీబోర్డుల ఫ్లావియో ప్రెమోలి, డ్రమ్ముల ఫ్రాంజ్ డి చొచ్చో, బేస్ గిటార్ జోర్జో పియాత్సా అప్పటికే మిలాను నగరంలో పేరున్న వాద్యకారులు. 'ఇ క్వెల్లి' అనే బృందంగా ఉంటూ ఇతరుల రికార్డులకు వాయించి పెట్టేవారు. ఫబ్రీత్సియో దె ఆంద్రె అనే గొప్ప గేయకవి 1970లో చేసిన 'లా బువోనా నొవెల్లా'లో వినపడేది వీళ్ళ వాద్యాలే. వేణువూ వయొలినూ రెండూ వాయించే మౌరో పగానీ వచ్చి కలిశాక బృందం కొత్త పేరు పెట్టుకుంది. దె ఆంద్రె, పగానీ అన్న పేర్లను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. వాటితో చివర పని ఉంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో ప్రోగ్రెసివ్ రాక్ అన్న బాణీ ఉప్పొంగుతున్నది. మూడు నిమిషాల పాట చాలదని, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ జాజ్‌నూ కలుపుకుని, తాళాలు మార్చుకుంటూ పొడుగాటి కృతుల్లాంటివి కట్టేవారు. 1969లో వచ్చిన కింగ్ క్రిమ్సన్ బృందపు మొదటి రికార్డు దీనికి పెద్ద గుర్తు. మన మిలాను కుర్రాళ్ళు తొలినాళ్ళ కచ్చేరీల్లో ఆ కింగ్ క్రిమ్సన్ పాటలూ, జెత్రో టల్ పాటలూ ఉన్నవున్నట్టు వాయించేవారు. అంటే ఇంగ్లీషువాళ్ళ దగ్గర నేర్చుకున్నారనడంలో దాపరికం ఏమీ లేదు. ఈ రికార్డులోని మెలొట్రాన్ అనే వాద్యపు మోతలు క్రిమ్సన్‌ను గుర్తు చేస్తాయి, వేణువు టల్‌ను గుర్తు చేస్తుంది. నేర్చుకున్న విద్యను ఏ నేల మీద నాటారన్నదే చూడవలసింది.

మొదటి ముక్క నిమిషం పైచిలుకు ఉపోద్ఘాతం. వినీ వినపడనట్టు మొదలై ఉన్నట్టుండి పోటెత్తుతుంది. ఆ పోటు తగ్గగానే ఒక్క గిటార్ మీద 'సెప్టెంబరు తలపులు' ఎత్తుకుంటుంది. సంగీతం ముస్సీదాది. మాటల్లో మొగోల్ చెయ్యి ఉంది. లూచియో బత్తీస్తి పాటలకు మాటలు రాసి ఇటలీ అంతటా పేరు తెచ్చుకున్న రచయిత ఆయన. తెల్లవారుజామున పొలంలో నిలబడిన ఒక మనిషి ఈ పాటలో ఉంటాడు. చుట్టూ మంచు బిందువులు. సూర్యుడింకా కనపడడు. తడి మట్టి వాసన, ధాన్యం వాసన మెల్లగా పైకి వస్తాయి. గడ్డి వైపు మెడ చాచిన గుర్రం ఒకటి కదలకుండా నిలబడి ఉంటుంది. మనిషి ఒక అడుగు వేస్తాడు, గుర్రం చూసి పారిపోతుంది. తానెవరో తనకే తెలియడం లేదని మనిషి అనుకుంటాడు. చివరికి పొగమంచులోంచి ఎండ జారుతుంది, రోజు ఎప్పటిలాగే మొదలవుతుంది. అంతకుమించి కథ లేదు. రికార్డు పేరులోని ఒక్క నిమిషం ఇదే కాబోలునని నా ఊహ.

ఈ పాటకు మనం అనుకునే పల్లవి లేదు. చరణం నెమ్మదిగా ఎక్కి, పల్లవి రావలసిన చోటికి చేరేసరికి గొంతు ఆగిపోతుంది. అక్కడ మూగ్ సింథసైజర్ ఒక పెద్ద వరసను ఎత్తుకుంటుంది. ఇటలీ పాటల్లో ఆ వాద్యం అప్పటికింకా కొత్త. జనం కలిసి పాడుకోవలసిన చోట మాటలే లేకపోవడం పాటల వ్యాపారం తెలిసిన ఎవరికైనా పిచ్చితనంగా తోచి ఉండాలి. అయినా ఆ దేశంలో ఆ వరసను నోటితో పాడుకోని తరం లేదు. తానెవరో తెలియని మనిషికి మాట తడబడిన చోట యంత్రం గొంతెత్తుతుంది. ఇంతకన్నా తగిన పల్లవి ఆ కవితకు నేను ఊహించలేను.

ఇక భాష సంగతి. మన వాగ్గేయకారుల సంప్రదాయంలో ధాతువు, మాతువు అని రెండు చెప్తారు. ధాతువు స్వరరచన, మాతువు మాట. రెండూ ఒకే నోట పుట్టినప్పుడు వాటిని విడదీయలేమన్నది మనవాళ్ళ అనుభవం. ఈ పాట రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టుకుని వింటే ఆ అనుభవం ఎంత ఖచ్చితమైనదో తెలుస్తుంది.

తెలుగును తూర్పు ఇటాలియన్ అన్నారని మనం సభల్లో చెప్పుకుని మురిసిపోతూ ఉంటాం. ఎవరన్నారు, ఎప్పుడన్నారన్న తగవు నాకు అక్కరలేదు. పొగడ్తగా వదిలేసి పనిముట్టుగా చూస్తే మాత్రం ఆ పోలిక పనికొస్తుంది. ఇటాలియన్ మాటలు కూడా దాదాపుగా అచ్చులతోనే ముగుస్తాయి. దీర్ఘంగా నిలబెట్టవలసిన స్వరం దగ్గర నోరు తెరిచే ఉంటుంది. మన చెవికి ఇంకా దగ్గరగా తగిలే గుణం మరొకటుంది, ద్విత్వం. సెత్తెంబ్రె, నెబ్బియా అంటే పొగమంచు, పెత్తో అంటే రొమ్ము, పస్సో అంటే అడుగు. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువవుతుందని మన ఛందస్సు చెప్తుంది. ఈ పాటలో ఆ గురువుల మీదనే గొంతు ఒక్క క్షణం తొక్కిపట్టి వదులుతుంది. అలా వదిలిన ఊపులోంచే తరవాతి స్వరం పుడుతుంది. భాష రాకపోయినా మాటలు నా నోటికి ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమయింది. ఆ బరువు నాకు అలవాటైనదే.

ఇంగ్లీషులో ద్విత్వం పలకరు. మాటలు పొట్టివి, చాలావాటి చివర హల్లు వచ్చి నోరు మూస్తుంది. నాలుగక్షరాల ఇటాలియన్ మాట ఒక్కటి పట్టిన చోట మూడు నాలుగు ఇంగ్లీషు మాటలు పడతాయి. కనుక అదే బాణీకి ఇంగ్లీషు రాసేవాడి చేతిలో చాలా ఎక్కువ మాటలు మిగులుతాయి, వాటిని ఏదో ఒక భావంతో నింపాలి. గుర్రం పారిపోయిన తరవాత పొలంలో ఉండే ఖాళీ ఇంగ్లీషు పాటలో దొరకదు. పేరు చూడండి. 'సెప్టెంబరు తలపులు' పోయి 'ప్రపంచం ప్రపంచమయింది' వచ్చింది. ఒక నెల, ఒక పొలం, ఒక ఉదయం ఉన్న చోటికి ప్రపంచం వచ్చి కూర్చుంది. అందరికీ అర్థం కావాలనుకుంటే మొదట పోయేవి ఇలాంటివే, ఊరూ నెలా.

ఈ మార్పు ఎలా జరిగిందో కొంచెం చెప్పుకోవాలి. 'ఒక నిమిషం కథ' వచ్చిన ఏడాదే, 1972లో, రెండో రికార్డు 'పెర్ ఉన్ అమీకో' కూడా వచ్చింది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందంలోని గ్రెగ్ లేక్ వీరిని మెచ్చుకుని తమ సొంత కంపెనీ మాంటికోర్‌లో చేర్చుకున్నాడు. కింగ్ క్రిమ్సన్‌కు పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డ్ ఇంగ్లీషు మాటలు రాశాడు. అలా 1973లో 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్', 1974లో 'ద వరల్డ్ బికేమ్ ద వరల్డ్' వచ్చాయి. మొదటిది అమెరికా అమ్మకాల పట్టికలో కింది మెట్టు మీదనైనా కాలు పెట్టింది. ఒక ఇటలీ రాక్ బృందానికి అది చిన్న సంగతి కాదు.

సిన్‌ఫీల్డ్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. 2024లో కన్నుమూసిన ఆ కవి తన భాషలో మంచి కవి, ఈ బృందాన్ని మనసారా ప్రేమించినవాడు. ఆయన చేసినది అనువాదం కూడా కాదు. కట్టిన బాణీలో వేరే పాట రాశాడు. 'జెనెరాలె' అనే ముక్కలో అసలు మాటలే లేవు. ఇంగ్లీషు రికార్డులో దానికీ మాటలు కట్టి 'మిస్టర్ నైన్ టిల్ ఫైవ్' అన్నారు. మాటలు అక్కరలేదని కట్టినవాళ్ళే అనుకున్న చోట కూడా మాటలు పెట్టవలసి వచ్చిందంటే పరాయి శ్రోత మౌనాన్ని భరించలేడన్న భయమే కారణమని నా అనుమానం. దీనికి ఎదురు సాక్ష్యం అదే రికార్డులో ఉంది. 'ఇల్ బాంకెత్తో' అనే పాటను మార్చకుండా ఇటాలియన్‌లోనే ఉంచేశారు. నా ఎల్‌పీ తరవాత కొన్నాళ్ళకు ఆ రికార్డునూ సంపాదించాను. అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది ఆ అర్థం కాని పాటనే.

ఇక్కడ నా వాదానికి అడ్డొచ్చే సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇంగ్లీషు రికార్డే లేకపోతే బెంగుళూరు కొట్టులోకి ఈ బృందం వచ్చేదే కాదు. ఇటాలియన్ ప్రతి నా చేతికి వచ్చిందంటే దాని కోసం వెతికేలా చేసినది ఇంగ్లీషు ప్రతే. మా మేనల్లుడు ఇదే పట్టుకున్నాడు. "చూశారా, ముందు ఇంగ్లీషు కావాలి" అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు.

మొదటి రికార్డు నుంచి 1973లో ఇంగ్లీషులోకి వెళ్ళిన పాట ఒక్కటే, 'ఎ ఫెస్తా', అంటే పండుగ. 'సెలబ్రేషన్'గా మారి అమెరికా రేడియోల్లో వినపడింది. ఈ పాటకు భాష మార్పు వల్ల పెద్ద నష్టం జరగలేదు. ఇందులో మాటలు తక్కువ, ఉరుకు ఎక్కువ. దక్షిణ ఇటలీ పల్లెల్లో ఆడే తరంతెల్లా నాట్యపు వడి ఇందులో ఉంది. ఊరి జాతరలో మేళగాళ్ళు మధ్యాహ్నం దాటాక పూనకం వచ్చినట్టు వాయిస్తారే, అలాంటి వడి. కాళ్ళలో ఉన్నదాన్ని ఇంగ్లీషు ఏమీ చెయ్యలేకపోయింది. నోట్లో ఉన్నది మాత్రం జారిపోయింది.

మిగిలిన ముక్కల్లో 'దొవె... క్వాందో...', అంటే ఎక్కడ... ఎప్పుడు..., రెండు భాగాలు. మొదటి భాగం వేణువు, గిటార్, మెత్తని గొంతుతో పాత కాలపు రాజాస్థానంలో పాడినట్టుంటుంది. రెండో భాగంలో మాటలుండవు. చర్చి ఆర్గాన్ ధ్వనిలోంచి మెల్లగా జాజ్‌లోకి జారుకుంటుంది. ఆ జారుడులో అతుకు కనపడదు. చేతి పని తెలిసినవాళ్ళు గనుక అది కుదిరింది. 'లా కర్రోత్సా ది హాన్స్', హాన్స్ బండి, ఈ బృందానికి పేరు తెచ్చిన తొలి పాట. 1971లో వియారెజ్జో ఊరి ఉత్సవంలో మరి ఇద్దరితో కలిసి బహుమతి పంచుకున్నది దీనితోనే. విరుచుకుపడే గిటార్ మోతల మధ్య ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయి ముస్సీదా ఒక్కడే నైలాన్ తీగల గిటార్ మీద తీరిగ్గా వాయించుకుంటాడు. కొందరికి అది ప్రదర్శనగా తోస్తుంది. నాకు మాత్రం కచ్చేరీ నడుమ తని ఆవర్తనం వచ్చినంత సహజంగా ఉంది.

ఆఖరిది 'గ్రాత్సియె దవ్వేరో', నిజంగా ధన్యవాదాలు. ఇది నాకు ఎక్కలేదు. వాద్యబృందపు హంగులు ఎక్కువై, వడ్డించిన విస్తరి మీద మళ్ళీ వడ్డించినట్టుంటుంది. గొంతుల లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. బృందంలో గాయకుడని చెప్పదగినవాడు లేడు. ముస్సీదా, ప్రెమోలి తదితరులు తలా కాస్త పాడుకున్నారు. సెప్టెంబరు పొలంలో ఆ సాధారణమైన గొంతే సరిపోయింది. ఇక్కడ గొంతు చాలక వాద్యాలు అరవవలసి వచ్చింది. ఈ లోపమే తరవాత బృందాన్ని ఇంకోవైపు నడిపించింది. ఇంగ్లీషు సరిగా పలకగల గాయకుడు కావాలని బెర్నార్దో లంత్సెత్తిని తెచ్చుకుని, 1975లో 'చాక్లెట్ కింగ్స్' అనే రికార్డు మొత్తం ఇంగ్లీషులో చేశారు. ఉచ్చారణ బాగుపడింది. అప్పటికి పొలం ఆనవాలు కూడా లేదు. 1978లో 'పస్పర్తూ'తో మళ్ళీ సొంత భాషకు వచ్చారు.

మనకు దీనికి ఎదురు ఉదాహరణ ఇంట్లోనే ఉంది. తిరువయ్యారులో కూర్చుని త్యాగరాజు తెలుగులో పాడాడు. చుట్టూ ఉన్నది తమిళ దేశం. మాట అర్థం కాదని ఆయన భాష మార్చుకోలేదు, అర్థం కాకపోయినా అక్కడివాళ్ళు నేటికీ పాడుతున్నారు. మనం దీన్ని తలచుకుని గర్వపడడం సహజమే. అయితే 1940లలో తమిళ ఇశై ఉద్యమం వచ్చి, మా నేల మీద మా భాషలో పాటలు వినాలని అడిగింది. అప్పట్లో మనవాళ్ళలో కొందరు నొచ్చుకున్నారు. మిలాను కుర్రాళ్ళ పాట విన్నాక ఆ కోరికలో తప్పేమిటో నాకు కనపడడం లేదు. సెప్టెంబరు ఎవరిదైనా సెప్టెంబరే.

దె ఆంద్రె, పగానీ అన్న పేర్లు గుర్తున్నాయి కదా. 1978, 79లలో పి.ఎఫ్.ఎం. దె ఆంద్రెతో కలిసి ఇటలీ అంతా తిరిగి కచ్చేరీలు చేసింది. పగానీ అప్పటికే బృందాన్ని వదిలేశాడు. ఆ తరవాత ఆయన దె ఆంద్రెతో కూర్చుని ఒక రికార్డు చేశాడు. 1984లో వచ్చిన దాని పేరు 'క్రేజా దె మా'. అది ఇంగ్లీషులో లేదు, ఇటాలియన్‌లో కూడా లేదు. జెనోవా రేవులో నావికులూ చేపలవాళ్ళూ మాట్లాడుకునే జెనోవా భాషలో పాడారు. ఇటలీలోనే అధిక సంఖ్యాకులకు అర్థం కాని భాష అది. అయినా ఆ దశాబ్దంలో అక్కడ వచ్చిన మేలైన రికార్డుల్లో దాన్ని లెక్కించనివాళ్ళు తక్కువ. ఇంగ్లీషు దారి వెంట ఒకసారి వెళ్ళి వచ్చిన మనిషి, ఇంకా చిన్న భాషలోకి దిగాడు.

2012లో సాన్ రెమో పాటల ఉత్సవంలో మార్లీన్ కుంత్స్ అనే ఇటలీ బృందంతో కలిసి అమెరికన్ గాయని పాటీ స్మిత్ ఈ సెప్టెంబరు పాటను రెండు పేర్లతోనూ పాడింది. రెండు భాషలూ ఒకే వేదిక మీదకు రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

మేనల్లుడు రెండు ప్రతులూ ఓపిగ్గా విన్నాడు. ఇంగ్లీషు దానిలో డ్రమ్ముల రికార్డింగు బాగుందన్నాడు. నిజమే, బాగుంటుంది. కాసేపటికి, మొదటిదాంట్లో గుర్రం వచ్చే చోటు మళ్ళీ పెట్టమన్నాడు. ఆ చరణం నాలుగుసార్లు పెట్టించుకుని, బల్ల మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ, "ఈ 'పస్సో' అన్నచోట వాడు ఎందుకు ఆగుతున్నాడు మామయ్యా?" అని అడిగాడు.